ప్యాకింగ్ ఎందుకు? పెన్నే చేద్దాం!

'ఇంట్లో కూర్చునే పెన్నులు, పెన్సిళ్ళు ప్యాక్ చేయండి. నెలకు ముప్ఫై వేలు సంపాదించండి.'

ఈ ప్రకటన మీ కంట పడే ఉంటుంది. సెల్‌ఫోన్ తెరిస్తే చాలు, నేల మీద గుట్టగా పోసిన పెన్సిళ్ళు, పక్కన నవ్వుతూ ఓ గృహిణి, కింద ఓ ఫోను నంబరు. ఫోను చేస్తే ముందు రిజిస్ట్రేషన్‌కి కొంత అంటారు. తర్వాత గుర్తింపు కార్డుకి. ఆ తర్వాత కొరియర్‌కి. చీటీ డబ్బులో, పాల డబ్బులో, పిల్లాడి ఫీజుకని దాచిన డబ్బులో ఒక్కో విడతా వెళ్ళిపోతాయి. పెన్సిళ్ళు రావు. పంపిన డబ్బూ రాదు. ఇంట్లో చెప్పుకోలేక కడుపులో దాచుకున్న వాళ్ళు ఎందరో!

పని ఇచ్చేవాడు మన దగ్గర ముందుగా డబ్బు అడిగాడంటే అది పని కాదు, మోసం అని గుర్తు పెట్టుకుందాం. డబ్బు పంపేసి ఉంటే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. సైబర్ మోసాల ఫిర్యాదులకు ఉన్న నంబరు అది. ఎంత తొందరగా చెబితే అంత మంచిది.

అది సరే. ఆ మోసగాడు మనల్ని ఎలా అంచనా వేశాడో ఎప్పుడైనా ఆలోచించారా? 'పెన్నులు ప్యాక్ చేయండి' అన్నాడు గానీ 'పెన్నులు తయారు చేయండి' అనలేదు. ఎందుకని? తయారు చేయమంటే మనం నమ్మం. 'అయ్యో, మిషన్ పని మనకెక్కడ వస్తుందండీ' అంటాం. ప్యాకింగ్ అంటే నమ్ముతాం. అట్టపెట్టెలో సర్దడం, లెక్కపెట్టడం, మూత వేయడం - మన చేతికి తగిన పని అంతే అని మనమే ఒప్పేసుకున్నాం. వాడు మన ఆశని కాదు, మనకి మనం కట్టుకున్న తక్కువ ధరని పట్టుకున్నాడు.

ఈ వారం మన మాట దాని గురించే.

పెన్ను చేత్తో చేస్తారా?

చేస్తారు. పైగా మనకు దూరమేమీ కాదు. సత్యవేడు నుంచి ఊతుకోట మీదుగా వెళ్తే తిరువళ్ళూరు వస్తుంది. అక్కడ ఎం.ఎస్. పాండురంగన్ మొదలుపెట్టిన రంగా పెన్నులు లేత్ మీద ఒక్కొక్కటిగా చేత్తో తయారయ్యేవే. ఎబొనైట్‌తోనూ, అక్రిలిక్‌తోనూ చేసిన ఆ పెన్నులను విదేశాల వాళ్ళు ఇంటర్నెట్‌లో చూసి తెప్పించుకుంటారు. మన సరిహద్దు పక్కనే ఇంత పని జరుగుతుంటే, మనలో చాలామందికి ఆ సంగతే తెలియదు.

ఇక మన తెలుగు వాళ్ళ పెన్ను అంటే రాజమండ్రి రత్నం పెన్ను. కె.వి. రత్నం గారు స్వదేశీ ఉద్యమం రోజుల్లో, 1930ల మొదట్లో, ఫౌంటెన్ పెన్ను తయారీకి పూనుకున్నారు. చేసిన పెన్నును జె.సి. కుమారప్ప ద్వారా గాంధీజీకి పంపారు. 1935లో గాంధీజీ ఆయనకు ఉత్తరం రాస్తూ, తాను ఆ పెన్ను వాడి చూశానని, బజారులో దొరికే విదేశీ పెన్నులకు బదులుగా బాగానే పనికొస్తుందని మెచ్చుకున్నారు. రబ్బరును గంధకంతో కలిపి ఉడికించి గట్టిపరిస్తే వచ్చే ఎబొనైట్ ఆనాటి సరుకు. ఈనాడు దానికి తోడు రంగురంగుల అక్రిలిక్ వచ్చింది.

లేత్ అనగానే పెద్ద వర్క్‌షాపులు, నూనె మరకలు గుర్తుకొస్తాయి. కానీ ఏటికొప్పాక లక్క బొమ్మలు మన ఇళ్ళలో లేవా? 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ బొమ్మలు కూడా అంకుడు కర్రను లేత్ మీద తిప్పి, ఉలితో చెక్కి, లక్క రంగు అద్దినవే. కర్ర తిరుగుతుంది, ఉలి నిలకడగా ఉంటుంది. కిటుకంతా ఇంతే. పెన్నుకైనా అదే పద్ధతి. దానికి కావలసిన లేత్ బల్ల మీద పట్టేంత చిన్నది.

ఆ పని ఎలా సాగుతుందంటే...

అక్రిలిక్ అంటే ఒక రకం గట్టి ప్లాస్టిక్. షాపుల బోర్డుల మీద మెరిసే అక్షరాలు దానితో చేసినవే. పెన్నుల కోసమైతే రంగులు కలిపి, పాలలో కుంకుమపువ్వు వేసి తిప్పినట్టు చారలు వచ్చేలా పోత పోస్తారు. ముత్యపు మెరుపు కూడా కలుపుతారు. గట్టిపడ్డాక సుమారు అయిదంగుళాల పొడవు, ముప్పావు అంగుళం మందం ఉన్న పలకల కడ్డీలుగా కోస్తారు. దాన్నే బ్లాంక్ అంటారు. చూడ్డానికి కోసి పెట్టిన మైసూర్‌పాక్ ముక్కలా మొద్దుగా ఉంటుంది. అందం లోపల ఉంటుంది, ఉలి పడితే గానీ బయటికి రాదు.

పెన్ను ములుకు, క్లిప్పు, తిప్పే మర, ఇత్తడి గొట్టం ఇవన్నీ కలిపి కిట్‌గా దొరుకుతాయి. గొట్టం కన్నా రవ్వంత పొడుగ్గా కడ్డీని కోసి, నిలువునా మధ్యలో రంధ్రం వేస్తారు. సన్న రకం కిట్లకు 7 మిల్లీమీటర్ల బిట్ సరిపోతుంది. ఇక్కడ తొందర పనికిరాదు. బిట్ ఒకే ఊపున దించారంటే వేడికి అక్రిలిక్ కరిగి పట్టేసుకుంటుంది, లేదా చివర్న చిట్లుతుంది. కొంచెం దించాలి, పైకి తీసి తురుము దులపాలి, మళ్ళీ దించాలి. అట్లకాడ తిప్పడంలో సెగ చూసుకునే మనకు ఈ ఓర్పు కొత్తగా నేర్పాలా?

తర్వాత ఇత్తడి గొట్టాన్ని గరుకు చేసి జిగురుతో లోపల అతికిస్తారు. కడ్డీ రంగు పలచనైతే లోపలి ఇత్తడి బయటికి కనబడి పెన్ను వెలవెలబోతుంది. అందుకని గొట్టానికి ముందే రంగు పూస్తారు. చీర పలచనైతే లోపలి లంగా రంగు చూసుకున్నట్టే ఇదీను. జిగురు బాగా ఆరాక రెండు చివర్లూ సమంగా చెక్కి, మాండ్రిల్ అనే ఉక్కు కడ్డీకి గుచ్చి, అటూ ఇటూ బుష్‌లు పెట్టి లేత్ మీద ఎక్కిస్తారు. బుష్ ఎంత లావుందో పెన్ను చివర అంత లావు రావాలి. కొలబద్ద అక్కడే ఉంటుంది.

లేత్ తిరుగుతుంటే పదునైన ఉలితో పైపైన చెక్కుతూ పోవాలి. లోతుగా పొడిస్తే అక్రిలిక్ పెచ్చు లేస్తుంది. పలకలన్నీ పోయి గుండ్రం తిరిగాక, మధ్యలో కాస్త లావుగా, చివర్లు సన్నంగా మనకు నచ్చిన ఆకారం తేవచ్చు. ఆ తర్వాత వాటర్ పేపర్‌ని నీళ్ళలో తడిపి, గరుకుది మొదలుకుని నున్నటి దాని వరకు వరసగా రుద్దాలి. ఒక్క నంబరు దాటేసినా గీతలు మిగిలిపోతాయి. చివర పాలిష్ పెట్టి గుడ్డతో రుద్దితే మొద్దు ముక్క అద్దంలా మెరుస్తుంది. ములుకు, మర, క్లిప్పు సరిగా బిగిస్తే పెన్ను తయారు.

కిట్ లేకుండా మరలు కూడా తామే కోసి, పాళీ అమర్చి ఫౌంటెన్ పెన్ను చేసేవాళ్ళ పని దీనికి పై మెట్టు. అది తర్వాత సంగతి. మొదటి మెట్టు మాత్రం మనకు అందనంత ఎత్తులో లేదు.

చక్రం దగ్గర ఎవరు?

మరి ఇన్నాళ్ళూ ఎందుకు అందలేదు? మన చుట్టూ ఉన్న చేతి వృత్తులను చూడండి. కుమ్మరింట్లో మట్టి తెచ్చేది, జల్లించేది, తొక్కేది, కుండను ఆరబెట్టేది ఆడవాళ్ళు. సారె తిప్పేది మాత్రం మగవాడు. నేతగాళ్ళ ఇళ్ళల్లో కండెలు చుట్టేది ఎక్కువగా ఆడవాళ్ళు, మగ్గం గుంటలో కూర్చునేది ఎక్కువగా మగవాళ్ళు. ముందు పని, వెనక పని మనది. మధ్యలో వస్తువుకి రూపం వచ్చే పని వాళ్ళది. కూలి లెక్క వచ్చేసరికి రూపం ఇచ్చిన వాడే పనివాడు, మిగతా వాళ్ళు 'సాయం చేసేవాళ్ళు'. సాయానికి జీతం ఏముంటుంది?

మా ప్రాంతంలో ఆయుధపూజ ఎంత ఘనంగా చేస్తారో చెప్పనక్కరలేదు. లేత్‌ని తుడిచి పసుపు కుంకుమ పెట్టేది, నిమ్మకాయ దండ వేసేది మనమే. మర్నాడు స్విచ్ వేసే చేయి మాత్రం మనది కాదు.

'ఆడవాళ్ళకి మిషన్లు పనికిరావు' అనే వాళ్ళని ఒక్క మాట అడగండి. కుట్టు మిషన్ మిషన్ కాదా? మోటారు పెట్టిన కుట్టు మిషన్ సూది వేళ్ళకి అంగుళం దూరంలో పరుగెత్తుతుంది. మనం భయపడుతున్నామా? అది మన ఇంటి పనికి పనికొచ్చింది కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు. అసలు సమస్య యంత్రం కాదన్న మాట. ఏ యంత్రం వల్ల మనకు 'పనివాడు' అన్న పేరు వస్తుందో ఆ యంత్రం దగ్గరకి వచ్చేసరికే మాటలు మొదలవుతాయి.

కుట్టు మిషన్ గురించి ఇంకో మాట కూడా ఉంది. ఆడవాళ్ళకు ఉపాధి అనగానే ఏ ప్రభుత్వమైనా, ఏ సంఘమైనా మొట్టమొదట ఇచ్చేది కుట్టు మిషనే. మంచిదే. కానీ వీధికి నలుగురు టైలర్లు అయ్యాక జాకెట్టు కూలి పెంచమని ఎవరు అడగగలరు? అందరికీ ఒకే పని నేర్పితే ఆ పని చవకబారిపోతుంది. పది రకాల పనులు మన చేతుల్లో ఉంటేనే ప్రతి చేతికీ విలువ.

సత్యవేడు అమ్మాయిల సంగతి

ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్న సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో 2008లో శ్రీసిటీ వచ్చాక మన ఆడపిల్లల జీవితం ఎంతో మారింది. పొద్దున్నే కంపెనీ బస్సుల్లో వెళ్ళే యూనిఫాం అమ్మాయిలు ఇప్పుడు ఎవరికీ వింత కాదు. 2015లో అక్కడ సెల్‌ఫోన్ల తయారీ మొదలైతే ఆ లైన్లలో ఎక్కువగా కూర్చున్నది ఆడపిల్లలే. ఎందుకంటే సన్నటి భాగాలు పట్టుకోవడానికి మన వేళ్ళు, గంటల తరబడి చూపు నిలపడానికి మన ఓర్పు కావాలి. ఆ సంగతి కంపెనీలకి తెలుసు. తెలియనిది మనకే.

ఆ ఉద్యోగాన్ని తక్కువ చేయడం కాదు. నెల జీతం చేతికి రావడం ఆడపిల్లకు ఎంత ధైర్యమో మాకు తెలుసు. కానీ లైన్‌లో ఒక్కొక్కరికి ఒక్క పనే. ఒకరు స్క్రూ, ఒకరు స్టిక్కర్. పెళ్ళయ్యో, బిడ్డ పుట్టో ఉద్యోగం మానేసిన నాడు యంత్రం కంపెనీ దగ్గరే ఉండిపోతుంది. అమ్మాయి వెంట ఇంటికి ఏ పని వస్తుంది? అయిదేళ్ళు పని చేసిన వేళ్ళ నైపుణ్యం వంటింట్లో ఉల్లిపాయలు తరగడానికేనా? అలాంటి అమ్మాయే ప్యాకింగ్ ప్రకటన చూసి ఫోను చేస్తుంది. తప్పు ఆమెది కాదు. చేతికి పని తెలిసి, చేయడానికి పని దొరకని బాధ అది.

మొదలు నుంచి తుది దాకా తన చేతిలోనే ఉండే పని ఒక్కటైనా ప్రతి ఆడపిల్లకీ తెలిసి ఉండాలని మేము చెప్పేది ఇందుకే. పెన్ను అలాంటి పని. పొద్దున మొద్దు ముక్క, మధ్యాహ్నానికి జేబులో పెట్టుకునే వస్తువు. మధ్యలో ఇంకొకరి చేయి లేదు.

కొంగు, జడ, గాజులు

నేర్చుకునే ముందు భద్రత సంగతి. లేత్‌కి కనికరం లేదు. వేలాడేది ఏదైనా చుట్టేసుకుంటుంది. చీర కొంగు, చున్నీ, వదులు చేతులు ఏవీ ఉండకూడదు. జడ ముడి వేసి కట్టుకోవాలి. గాజులు, ఉంగరాలు తీసి పక్కన పెట్టాలి. మెడలో గొలుసు ఉంటే తీయాలి, తీయడానికి మనసొప్పకపోతే బిగుతు చొక్కా లోపలికి వేసి గుండీలు పెట్టుకోవాలి. 'పుణ్యస్త్రీ గాజులు తీయడమేమిటి' అనే అత్తగారికి నెమ్మదిగా చెప్పండి - పనయ్యాక వేసుకుంటాం, వేళ్ళు పోతే మళ్ళీ రావు అని.

చేతికి గ్లవ్స్ మంచిదే కదా అనుకుంటారు. తిరిగే లేత్ దగ్గర అదే ప్రమాదం, గ్లవ్స్‌ని పట్టి చేయిని లాగేస్తుంది. కళ్ళకు అద్దాలు, ముక్కుకు దుమ్ము ఆపే మాస్కు తప్పనిసరి. అక్రిలిక్ తురుము రిబ్బన్లలా పెన్ను చుట్టూ చుట్టుకుంటుంది. దాన్ని లేత్ పూర్తిగా ఆపాకే తీయాలి. గాలి ఆడే చోట పని చేయాలి. పిల్లలు తిరిగే చోట, వంటింటి మూల లేత్ పెట్టకూడదు. తురుమును పొయ్యిలో వేసి కాల్చకూడదు, పొలంలోకి ఊడ్చేయకూడదు. అది ప్లాస్టిక్ కదా. సంచిలో పోగు చేసి చెత్త బండికి విడిగా ఇవ్వాలి.

మన శ్రమకి ధర

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం. మన ఆడవాళ్ళు మొదలుపెట్టిన చిన్న వ్యాపారాలు చాలావరకు ఎందుకు మూతపడతాయి? సరుకు బాగోక కాదు. లెక్కలో మన శ్రమ వేసుకోక. 'ఎలాగూ ఇంట్లో ఖాళీగానే ఉంటాను కదా' అనే మాట మన కొంప ముంచుతుంది.

లెక్క అర్థం కావడానికి ఊరికే కొన్ని అంకెలు అనుకుందాం. ఒక పెన్నుకి కడ్డీ, కిట్, జిగురు, పేపరు, కరెంటు కలిపి 400 రూపాయలు అయిందనుకోండి. అయిదు చేస్తే 2,000. కొత్తలో అయిదింట్లో ఒకటి చిట్లిపోవడం ఖాయం. అమ్మడానికి మిగిలేవి నాలుగు. అంటే ఒక్కో దానికి సరుకు ఖర్చే 500. ఒక్కో పెన్నుకి రెండు గంటలు పడితే అయిదింటికి పది గంటలు. ఆ పది గంటలూ నాలుగు పెన్నుల మీద పడాలి, అంటే ఒక్కోటి రెండున్నర గంటలు. గంటకి 80 రూపాయలు కూలి వేసుకుంటే 200. యంత్రం అరుగుదలకి, ఉలి పదునుకి 50. మొత్తం 750. ఇందులో లాభం ఇంకా కలపనే లేదు.

ఇప్పుడు ఎదురింటి వాళ్ళు వచ్చి 'అయిదు వందలకి ఇవ్వమ్మా, ఇంట్లో చేసిందే కదా' అంటారు. మొహమాటపడి ఇచ్చారా, మీ రెండున్నర గంటలు వాళ్ళకి కట్నంగా చదివించినట్టే. నవ్వుతూనే చెప్పండి, 'లేదండీ, నా కూలి కూడా ఉంది' అని. మొదటిసారి చెప్పేటప్పుడు గొంతు వణుకుతుంది. రెండోసారి వణకదు.

కలలు అమ్మడం మాకిష్టం లేదు. పది రూపాయల బాల్‌పెన్నుతో ఈ పెన్ను పోటీ పడలేదు. బడిపిల్లల కోసం ఎవరూ కొనరు. పదవీ విరమణ చేసే మాస్టారికి, కొత్తగా కోటు వేసుకున్న లాయరమ్మకి, డాక్టరు చదువు పూర్తయిన మేనకోడలికి ఇచ్చే కానుక ఇది. ఊరికి ఇద్దరు ముగ్గురికి మించి ఈ పనితో బతకడం కష్టం. కొనేవాళ్ళు మళ్ళీ రావాలంటే రీఫిల్ సంగతి కూడా చూసుకోవాలి. సన్న రకం కిట్లలో కొన్నిటికి సరిపోయే రీఫిల్ చిన్న ఊళ్ళల్లో దొరకదు. పార్కర్ రకం రీఫిల్ పట్టే కిట్ తీసుకుంటే మీరు అమ్మిన పెన్ను ఏడాది తర్వాత కూడా రాస్తుంది. రాయని పెన్ను ఎంత అందంగా ఉన్నా సొరుగులోకే పోతుంది, దానితోపాటు మీ పేరూ పోతుంది.

ముందుగా మిషన్ కొనేయకండి. నేర్చుకోవడం ముందు, కొనడం తర్వాత. పదో తరగతి పాసైన అమ్మాయి ఐటీఐలో టర్నర్ ట్రేడ్ చేరవచ్చు, అది రెండేళ్ళ కోర్సు. 'అది అబ్బాయిల ట్రేడ్' అని ఎవరైనా అంటే, అలా ఏ రూల్లో ఉందో చూపించమనండి. ఇంట్లో ఉన్న వాళ్ళయితే తెలిసిన లేత్ షాపులో కొన్నాళ్ళు కూర్చుని చూడవచ్చు, ఇద్దరు ముగ్గురు కలిసి వెళితే ఇబ్బంది ఉండదు. చేయి తిరిగాక పొదుపు సంఘంలో అయిదుగురు కలిసి ఒక లేత్ కొనుక్కోవచ్చు. బ్యాంకుల్లో 2015లో మొదలైన ముద్ర రుణాల్లో శిశు రకం కింద 50,000 రూపాయల వరకు ఇస్తారు. నియమాలు మారుతుంటాయి కాబట్టి బ్యాంకులోనే అడిగి తెలుసుకోండి, మధ్యవర్తికి మాత్రం డబ్బు ఇవ్వకండి. లేత్ ఎవరి పేరున కొంటున్నారో, రుణం ఎవరి పేరున ఉందో చూసుకోండి. అప్పు మన పేరున, మిషన్ ఇంకొకరి పేరున అయితే కథ మళ్ళీ మొదటికి వస్తుంది.

పెన్ను చేయడం మీకు నచ్చకపోవచ్చు. ఫరవాలేదు. మోటారు చుట్టడం, మిక్సీ బాగు చేయడం, సెల్‌ఫోన్ విప్పి బిగించడం - ఏదైనా సరే. అడగవలసిన ప్రశ్నలు మాత్రం మూడే. ఈ పని మొదటి నుంచి చివరి దాకా నా చేతిలో ఉందా? యంత్రం నా పేరున ఉందా? నా గంటలకి ధర కట్టానా? ఈ మూడింటికీ అవునని చెప్పగలిగిన ఆడదాన్ని ఏ ప్రకటనా మోసం చేయలేదు.

ఈ ఆదివారం సంతకి వెళ్ళేటప్పుడు మీ ఊళ్ళో లేత్ షాపు ఎక్కడుందో ఓ కన్నేసి రండి. వెంట మీ అమ్మాయిని కూడా తీసుకెళ్ళండి. తిరిగే చక్రం ముందు పది నిమిషాలు నిలబడి చూడనివ్వండి. ఏమంటారు?